మస్టాంగ్ ఇంటికొచ్చింది, టైటిల్ రాలేదు

ప్రశ్న: నమస్తే అండీ. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. హెచ్‌1బీ మీద ఎనిమిదేళ్ళ నుంచీ ఇక్కడే. మూడు వారాల క్రితం జార్జియా వెళ్ళి 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపే కొన్నాను. 14,500 డాలర్లు. నడిచే స్థితిలో లేదు, ట్రైలర్ మీద తెచ్చుకున్నాను. అమ్మినాయన దగ్గర టైటిల్ లేదు. "జార్జియాలో ఇంత పాత కార్లకి టైటిల్ ఉండదు, బిల్ ఆఫ్ సేల్ చాలు" అన్నాడు. కారు వాళ్ళ మేనమామదట. ఆయన పోయాక అత్త ఈయనకి ఇచ్చేసిందట. ఈయన తన పేరున ఎప్పుడూ రిజిస్టర్ చేయించలేదు. నా దగ్గర ఉన్నదల్లా ఈయన చేత్తో రాసిచ్చిన ఒక కాగితం.

ఇక్కడి కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో అది చూసి కుదరదని పంపేశారు. ఒక ఫ్రెండ్ "ఆ మేనమామే నేరుగా నీకు అమ్మినట్టు ఇంకో బిల్లు రాసుకో, ఎవరు చూస్తారు" అంటున్నాడు. ఒక కంపెనీ 900 డాలర్లు ఇస్తే వేరే రాష్ట్రం నుంచి టైటిల్ తెప్పిస్తామంటోంది. మా ఆవిడ డబ్బు పోయినట్టే అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యాలి? ఈలోగా కారు పని మొదలుపెట్టొచ్చా?

సమాధానం: డబ్బు పోయినట్టే అని ఇప్పుడే అనుకోవద్దని మీ ఆవిడకి చెప్పండి. మీలాంటి స్థితిలో ఉన్న కార్లు చాలా వరకు దారికొస్తాయి. కానీ వచ్చే రెండు మూడు వారాల్లో మీరు ఏం చేస్తారు, ముఖ్యంగా ఏం చెయ్యకుండా ఉంటారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమ్మినాయన మీకు అబద్ధం చెప్పలేదు. సగం చెప్పాడు.

మన దగ్గర బండికి ఆర్‌సీ ఒక్కటే. బండి ఎవరిదో, రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉందో లేదో, రెండూ అందులోనే ఉంటాయి. ఇక్కడ అవి రెండు వేరే కాగితాలు. టైటిల్ అంటే కారు ఎవరి సొత్తో చెప్పేది. రిజిస్ట్రేషన్ అంటే ఈ ఏడాదికి రోడ్డు రుసుము కట్టి ప్లేట్లు తీసుకున్నారని చెప్పేది. ఈ టైటిల్‌ని కేంద్ర ప్రభుత్వం ఇవ్వదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. పాత బండ్ల విషయంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో గీత గీసుకుంది. జార్జియాలో 1985, అంతకన్నా పాత మోడళ్ళకి టైటిల్ అక్కర్లేదు. అలబామాలో 35 మోడల్ ఏళ్ళు దాటినవాటికి అక్కర్లేదు. న్యూయార్క్‌లో 1972, అంతకు ముందువాటికి టైటిల్ ఉండదు, చేతులు మారేటప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం మీదే సంతకం పెట్టి ఇస్తారు.

కాబట్టి జార్జియా నుంచి 1967 కారు టైటిల్ లేకుండా రావడం వింత కాదు, అనుమానించాల్సిన విషయమూ కాదు. కానీ ఆ రాష్ట్రంలో టైటిల్ చేసే పనిని ఇంకో జోడీ చేస్తుంది: చివరి యజమాని పేరున ఉన్న రిజిస్ట్రేషన్, ఆ యజమాని సంతకం చేసిన బిల్ ఆఫ్ సేల్. రెండిటి మీదా ఒకే పేరు ఉండాలి. మీ దగ్గర మొదటిది అసలు లేదు. రెండోదాని మీద ఉన్న పేరు రిజిస్ట్రేషన్ రికార్డులో ఎక్కడా లేని మనిషిది. కౌంటీ ఆఫీసు వాళ్ళకి కనిపించింది ఈ ఖాళీయే. మేనమామ నుంచి అత్తకి, అత్త నుంచి మేనల్లుడికి, మేనల్లుడి నుంచి మీకు అని మూడు అడుగులున్నాయి. మీ చేతిలో మూడో అడుగుకి మాత్రమే కాగితం ఉంది. మిగతా రెండిటికీ కాగితం సంపాదించడమే మీ పని.

ముందు మీ ఫ్రెండ్ సలహా సంగతి తేల్చేద్దాం. ఆ బిల్లు రాయకండి. సరదాకి కూడా రాసి చూడకండి. చనిపోయిన మనిషి పేరున, ఆయన పోయిన తర్వాతి తేదీతో సంతకం పెట్టడం అంటే ఫోర్జరీ. పాత తేదీ వేసినా అంతే. టెక్సస్‌లో టైటిల్ కోసం ఇచ్చే 130-యూ అప్లికేషన్‌ మీదే రాసి ఉంటుంది, తప్పుడు సమాచారం ఇస్తే థర్డ్ డిగ్రీ ఫెలనీ అని. ఈ రాష్ట్రంలో దానికి రెండు నుంచి పదేళ్ళ జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. పౌరుడైనవాడికే అది పెద్ద దెబ్బ. వీసా మీద ఉన్నవాళ్ళకి మోసానికి సంబంధించిన కేసు అంటే ఉద్యోగం, గ్రీన్ కార్డు, పిల్లల చదువు అన్నీ దాంతో ముడిపడతాయి. మీ ఫ్రెండ్ మీ మంచి కోరే అన్నాడని నాకు తెలుసు. అయినా ఎనిమిదేళ్ళ కష్టాన్ని ఒక పాత కారు కోసం పణంగా పెట్టే పని మీరు చెయ్యకూడదు. ధర తగ్గించి రాయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 14,500 ఇచ్చారు కాబట్టి 14,500 అనే రాయండి. దాని మీద టెక్సస్ పన్ను 6.25 శాతం, అంటే 906 డాలర్ల పైచిలుకు. కట్టేయండి.

ఇక కారు దగ్గరికి వద్దాం. ఈ రోజే ఒక టార్చి తీసుకుని గ్యారేజీలోకి వెళ్ళండి. విన్ నంబరు, అంటే ఫ్యాక్టరీలో ప్రతి కారుకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, మీ కళ్ళతో చూడండి. ఇప్పటి కార్లకి ఉండే 17 అక్షరాల నంబరు 1981 మోడల్ నుంచి వచ్చింది. మీ కారుకి ఉండేది 11 అక్షరాలది. 1967 మస్టాంగ్‌కి అది అద్దం కింద డ్యాష్ మీద ఉండదు. బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు చూస్తే, ఇంజిన్ పక్కన ఫెండర్‌కి లోపలి వైపు ఉండే రేకు, దాన్నే ఆప్రాన్ అంటారు, దాని మీద గుద్ది ఉంటుంది. డ్రైవర్ డోరు అంచున ఒక చిన్న రేకు పలక రివెట్లతో బిగించి ఉంటుంది, దాని మీదా నంబరు కనిపిస్తుంది. చాలామంది అదే చూసి రాసుకుంటారు. ఆ పలకను నమ్మొద్దు. రివెట్లు తీసి ఇంకో కారు పలక పెట్టడం ఐదు నిమిషాల పని, కొత్తగా అచ్చు కొట్టించిన పలకలూ దొరుకుతాయి. డోరు కూడా వేరే కారుదై ఉండవచ్చు. ఆప్రాన్ మీద గుద్దిందే లెక్క.

ఆ నంబరు ఎలా చదవాలో కూడా చెబుతాను, పనికొస్తుంది. మొదటి అంకె మోడల్ సంవత్సరం, మీది 7 అయి ఉండాలి. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ: ఎఫ్ అయితే మిషిగన్‌లోని డియర్‌బోర్న్, టి అయితే న్యూజెర్సీలోని మెటచన్, ఆర్ అయితే కాలిఫోర్నియాలోని శాన్ హోసే. తర్వాత రెండంకెలు బాడీ రకం: 01 అంటే కూపే, 02 ఫాస్ట్‌బ్యాక్, 03 కన్వర్టిబుల్. ఆ తర్వాతి అక్షరం ఇంజిన్: సి అంటే రెండు బ్యారెళ్ళ కార్బ్యురేటర్ ఉన్న 289 వీ8, టి అంటే ఆరు సిలిండర్ల 200. చివరి ఆరు అంకెలు వరుస సంఖ్య. మీ బిల్లులో రాసిన నంబరు, ఆప్రాన్ మీది నంబరు, కళ్ళ ముందున్న కారు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. బిల్లు మీద సున్నా ఉండాల్సిన చోట ఓ అక్షరం రాసి ఉన్నా ఇప్పుడే గుర్తించండి. అలాంటి ఒక్క పొరపాటుకే ఫైలు వెనక్కి వస్తుంది. నంబరుకి దగ్గర నుంచి, దూరం నుంచి నాలుగైదు ఫోటోలు తీసి పెట్టుకోండి.

అక్కడ నంబరే లేకపోతే? లేదా చుట్టూ వెల్డింగ్ మచ్చలు, గీతలు ఉంటే? తుప్పు పట్టిన ఆప్రాన్‌ని మార్చేసి ఉండవచ్చు, అది నిజాయితీగా జరిగిన రిపేరే అయి ఉండవచ్చు. లేదా ఎవరైనా కావాలని చెరిపి ఉండవచ్చు. ఏది నిజమో తేల్చాల్సింది మీరు కాదు. దాన్ని ముట్టుకోకుండా పోలీసులకి చూపించండి.

నంబరు సరిగ్గా ఉంటే, అప్పుడు దొంగతనం సంగతి. ఈ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగానో, పది ఇరవై డాలర్లకో విన్ రిపోర్టు ఇచ్చే సైట్లు చాలా ఉన్నాయి. అవన్నీ 17 అక్షరాల నంబర్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మీ 11 అక్షరాలు కొడితే తీసుకోకపోవచ్చు, లేదా ఏమీ లేదని చూపించవచ్చు. ఏమీ లేదని రావడం అంటే కారు శుభ్రంగా ఉందని కాదు, వాళ్ళ దగ్గర సమాచారం లేదని. ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ అనే నేర సమాచార వ్యవస్థలో చూడాలి, అది పోలీసులకి మాత్రమే అందుబాటులో ఉంటుంది. మీ ఊరి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, "జార్జియా నుంచి పాత కారు కొన్నాను, టైటిల్ లేదు, విన్ తనిఖీ చేయించుకోవాలి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కాగితాలు చాలక బాండెడ్ టైటిల్ దారిలో (అదేమిటో కింద చెబుతాను) వెళ్ళాల్సి వస్తే వీటీఆర్-68-ఎ అనే ఫారం కావాలి. వాహన దొంగతనాల దర్యాప్తులో శిక్షణ పొందిన అధికారి కారు చూసి సంతకం చేసే ఫారం అది. అది ఎక్కడ చేస్తారో, అపాయింట్‌మెంట్ ఎలాగో అప్పుడే అడగండి.

దొంగ కారని తేలితే ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. దొంగసొత్తు మీద, ఎంత నిజాయితీగా కొన్నా, డబ్బు మొత్తం ఇచ్చినా, కొన్నవాళ్ళకి హక్కు రాదు. అది అసలు యజమానిది, లేదా ఆయనకి పరిహారం ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీది. కారు తీసుకుపోతారు. అప్పుడు మీకు మిగిలేది అమ్మినాయన మీద డబ్బు కోసం దావా. అందుకే ఈ తనిఖీ ఈ వారమే కావాలంటున్నాను. ఇప్పుడైతే ఆయన ఫోన్ ఎత్తుతాడు, బ్యాంకు లావాదేవీ తాజాగా ఉంటుంది. కారు మీద ఇంకో 20,000 పెట్టి రంగు వేయించాక తెలిస్తే ఆ బాధ మాటల్లో చెప్పలేం.

మీకున్న అదృష్టం ఒకటుంది. మీది 1967 మోడల్. ఫోర్డ్ కంపెనీ తయారీ రికార్డులు 1967 నుంచి అరిజోనాలోని మార్టీ ఆటో వర్క్స్ దగ్గర లైసెన్సుతో ఉన్నాయి. విన్ ఇచ్చి కొద్ది డబ్బు కడితే, ఆ కారు ఏ రంగుతో, ఏ గేరుబాక్సుతో, ఏ డీలరుకి వెళ్ళిందో రిపోర్టు పంపుతారు. అది యాజమాన్యానికి రుజువు కాదు. కానీ మీ గ్యారేజీలో ఉన్నది ఆ నంబరు కారేనా అన్నది మీకు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని. జార్జియాకి ఫోన్ చెయ్యండి.

ఇది చాలామంది చెయ్యరు. అమ్మేసినాయన్ని మళ్ళీ కదిలించడం మొహమాటం, లేదా గొడవ అవుతుందని భయం. నేరుగా ఫారాల దగ్గరికి పరుగెత్తుతారు. కానీ మీ విషయంలో అన్నిటికన్నా చౌకైన, బలమైన దారి అదే. ఎందుకంటే ఆ కాగితాలు ఆ కుటుంబం ఇంట్లోనే ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ. కోపంగా మాట్లాడకండి. మోసం చేశావని మొదలుపెడితే ఫోన్ పెట్టేస్తాడు, ఆ తర్వాత ఎత్తడు. ఆయన చేసింది మోసం కాకపోవచ్చు కూడా. వాళ్ళ ఊళ్ళో అందరూ అలాగే అమ్ముకుంటారు. "కారు నాకు బాగా నచ్చింది, మా రాష్ట్రంలో నా పేరుకి మార్చుకోవడానికి మీ సాయం కావాలి, ఖర్చులు నేనే పెట్టుకుంటాను" అనండి.

అడగాల్సిన మొదటి ప్రశ్న: అత్తగారు బతికే ఉన్నారా? ఉంటే సగం చిక్కు విడిపోయినట్టే. భర్త కారు మీద ఆవిడకి హక్కు ఎలా వచ్చిందో చూపించే కాగితం కావాలి. వీలునామా ఉండి, వారసత్వ వ్యవహారాలు చూసే ప్రొబేట్ కోర్టులో నమోదై ఉంటే, పోయినాయన ఆస్తి వ్యవహారాలు చూడటానికి కోర్టు ఎవరిని నియమించిందో ఆ ఉత్తర్వు నకలు దొరుకుతుంది. అలా నియమితులైనవాళ్ళు కారు మేనల్లుడికి ఇచ్చినట్టు సంతకం చేస్తే మొదటి రెండు అడుగులూ పూర్తయినట్టే. వీలునామా లేకపోతే వారసులందరూ సంతకం చేసిన అఫిడవిట్, దానితో పాటు మరణ ధ్రువపత్రం కావాలి. టెక్సస్‌కి కూడా వీటీఆర్-262 అని వాహనాల వారసత్వ అఫిడవిట్ ఉంది. జార్జియాలో చనిపోయిన మనిషి విషయంలో ఏ ఫారం ఒప్పుకుంటారో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ముందే అడిగి, వాళ్ళు చెప్పిందే తయారు చేయించండి. మీరొకటి చేయించుకుని వెళ్ళి వాళ్ళు ఇంకోటి అడిగితే ఆ ముసలావిడని రెండోసారి నోటరీ దగ్గరికి పంపాల్సి వస్తుంది.

రెండో ప్రశ్న: మేనమామ పేరున చివరి రిజిస్ట్రేషన్ కాగితం. జార్జియాలో ప్లేటుని ట్యాగ్ అంటారు, కౌంటీ ట్యాగ్ ఆఫీసు అంటే అందరికీ తెలుసు. పాత ట్యాగ్ రసీదు, రెన్యువల్ నోటీసు, ఆస్తిపన్ను బిల్లు, ఇన్సూరెన్స్ కార్డు, ఏదైనా సరే, ఆయన పేరు, ఈ విన్ నంబరు కలిసి ఉన్న కాగితం కావాలి. మీ కారు గ్లవ్ బాక్సులో, సీట్ల కింద, డిక్కీలో స్టెప్నీ గుంటలో మీరూ వెతకండి. ఇంట్లో దొరక్కపోతే ఆ కుటుంబ సభ్యులే ట్యాగ్ ఆఫీసుకి వెళ్ళి పాత రికార్డు నకలు ఉందేమో అడగాలి. మీరు ఫోన్ చేసి అడిగితే చెప్పరు. 1994లో వచ్చిన డ్రైవర్ల గోప్యత చట్టం ప్రకారం రికార్డులోని వ్యక్తుల వివరాలు బయటివాళ్ళకి ఊరికే ఇవ్వకూడదు.

మూడోది, కొత్త బిల్ ఆఫ్ సేల్. జార్జియా రెవెన్యూ శాఖకి టి-7 అనే ఫారం ఉంది, అది వాడమనండి. పూర్తి విన్, సంవత్సరం, కంపెనీ, బాడీ రకం, నిజంగా అమ్మిన తేదీ, నిజంగా ఇచ్చిన ధర, ఇద్దరి పూర్తి పేర్లు, అడ్రసులు ఉండాలి. నోటరీ ముందు సంతకం పెట్టిస్తే ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. ఇంకో మాట. "ముందు నీ పేరున జార్జియాలో రిజిస్టర్ చేయించి తర్వాత నాకు ఇవ్వు" అని ఇప్పుడు అడగకండి. కొనకముందు అడిగి ఉంటే అది చాలా మంచి షరతు. ఇప్పుడు కారు మీకు అమ్మేశాడు, కారు టెక్సస్‌లో ఉంది. పైగా రికార్డులో లేని కారుని ఎక్కించడానికి జార్జియాలో అక్కడి పోలీసు అధికారి కారుని చూసి ఇచ్చే టి-22బి అనే ఫారం అడుగుతారు. మళ్ళీ కారుని వెనక్కి మోయాలి. ఇలాంటి కారు కొనబోతున్న మిగతా పాఠకులు మాత్రం ఈ షరతు గుర్తు పెట్టుకోండి. డబ్బు చేతులు మారకముందే అమ్మేవాళ్ళ పేరున రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఈ కాగితాలు దొరికితే మామూలు దారిలోనే టెక్సస్ టైటిల్ వస్తుంది. దొరక్కపోయినా ఈ ప్రయత్నం వృథా కాదు. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఏమన్నారు, పంపిన ఈమెయిళ్ళు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. తర్వాతి దారిలో మీ కథ మీరు చెప్పుకోవాల్సి ఉంటుంది. అప్పుడు ఆ ఫైలే మీ తరఫున మాట్లాడుతుంది.

ఆ తర్వాతి దారే బాండెడ్ టైటిల్. పేరు వినగానే భయపడతారు గానీ, టెక్సస్‌లో కొన్న కారుకి కాగితం చాలనివాళ్ళ కోసం చట్టమే పెట్టిన దారి అది. వీటీఆర్-130-ఎస్ఓఎఫ్ అనే ఫారంలో కారు మీ చేతికి ఎలా వచ్చిందో రాయాలి. దానితో పాటు మీ దగ్గరున్న రుజువులు, పోలీసు తనిఖీ ఫారం, గుర్తింపు కార్డు, 15 డాలర్ల రుసుము పెట్టి టెక్సస్ డీఎంవీ (మోటారు వాహనాల శాఖ) ప్రాంతీయ కార్యాలయంలో ఇస్తారు. వాళ్ళు చూసి, అర్హత ఉంటే కారు విలువ నిర్ణయించి, దానికి ఒకటిన్నర రెట్ల మొత్తానికి బాండు, అంటే పూచీ పత్రం, తెమ్మని ఒక నోటీసు ఇస్తారు. విలువ 14,500 అనుకుంటే బాండు 21,750 డాలర్లకి. ఆ మొత్తం మీరు కట్టక్కర్లేదు. బాండు అమ్మే కంపెనీకి అందులో చిన్న భాగం ప్రీమియంగా ఒక్కసారి కడతారు. నోటీసు ఏడాది వరకు చెల్లుతుంది, బాండు కొన్నాక మాత్రం 30 రోజుల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి అన్నీ పట్టుకెళ్ళి 130-యూతో అప్లై చెయ్యాలి. 25 ఏళ్ళు దాటిన కార్ల విలువ విషయంలో అప్రైజల్ కాగితం, అంటే కారుకి విలువ కట్టి ఇచ్చినది, తీసుకుంటారు. అది ముందే చేయించుకుంటే పని తేలికవుతుంది.

ఈ బాండు ఎవరిని కాపాడుతుందో మాత్రం స్పష్టంగా తెలుసుకోండి. ఇది మీకు ఇన్సూరెన్స్ కాదు. మూడేళ్ళలోపు ఎవరైనా వచ్చి ఆ కారు మీద తమకి హక్కుందని రుజువు చేసుకుంటే, బాండు కంపెనీ వాళ్ళకి నష్టం కడుతుంది, తర్వాత ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేస్తుంది. మీ కారు విషయంలో అలా వచ్చేది ఎవరు? మేనమామ కొడుకో కూతురో. "నాన్న కారుని అమ్మ ఎవరికో ఇచ్చేసింది, మాకు చెప్పలేదు" అని. అందుకే కుటుంబంలో ఇంకెవరున్నారో ఇప్పుడే అడిగి తెలుసుకోవడం ముఖ్యం అంటున్నాను. బాండు దారిలో వెళ్ళినా సరే, వాళ్ళ దగ్గర నుంచి అభ్యంతరం లేదని ఒక కాగితం ఉంటే మీరు ప్రశాంతంగా పడుకోవచ్చు. మూడేళ్ళు ఎవరూ రాకపోతే బాండు గడువు ముగుస్తుంది, టైటిల్ మీద ఉన్న బాండెడ్ అన్న మాట తీయించుకోవచ్చు.

ఇక ఆ 900 డాలర్ల కంపెనీ. దీని గురించి నా అనుభవం చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం అలబామా నుంచి 1972 షెవ్రొలే పికప్ ఒకటి తెచ్చుకున్నాను, టైటిల్ లేకుండానే. ఓపిక లేక ఇలాంటి సేవలు చేసే ఒక సంస్థకి డబ్బు కట్టాను. రెండు నెలల తర్వాత ఒక కవరు వచ్చింది. అందులో నేను ఎప్పుడూ అడుగు పెట్టని రాష్ట్రపు రిజిస్ట్రేషన్, దాని మీద నా పేరు, నేను ఎప్పుడూ ఉండని ఇంటి అడ్రసు. దాన్ని తీసుకెళ్ళి ప్రభుత్వ ఆఫీసు కౌంటర్ మీద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. కట్టిన డబ్బు వదులుకుని, మొదటి నుంచి బాండెడ్ టైటిల్‌కి వెళ్ళాను. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మొదటే పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇలాంటి వాళ్ళలో చాలామంది ఒకప్పుడు వెర్మాంట్‌ని వాడుకునేవారు. అక్కడ 15 ఏళ్ళు దాటిన బండ్లకి టైటిల్ అడగరు, బయటి రాష్ట్రాలవాళ్ళకి పోస్టులో రిజిస్ట్రేషన్ ఇచ్చేవారు. 2023లో ఆ దారి మూసేశారు. మీకు చెప్పిన కంపెనీ ఏ రాష్ట్రం పేరు చెప్పినా, వాళ్ళని ఒకటే అడగండి: అప్లికేషన్‌లో నా అడ్రసు ఏమని రాస్తారు? జవాబు తేలిగ్గా అర్థమైపోతుంది. తప్పుడు అడ్రసు మీద సంతకం వాళ్ళది కాదు, మీది.

వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక మాట. పైన చెప్పిన ఫారాలు టెక్సస్‌వి. ఒహాయోలో అయితే కోర్టుకి వెళ్ళి ఉత్తర్వు తెచ్చుకుని టైటిల్ తీసుకునే పద్ధతి ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో యాజమాన్యం తేలని బండికి మూడేళ్ళు టైటిల్ లేకుండానే రిజిస్ట్రేషన్ ఇచ్చే ఏర్పాటు ఉంది. కాబట్టి టెక్సస్‌లో ఉన్న బంధువు చెప్పాడని అదే చెయ్యకుండా, మీ డీఎంవీలో అడగండి.

మళ్ళీ మీ విషయానికి వస్తే, ప్లేట్లు, తనిఖీల గురించి పెద్దగా కంగారు పడక్కర్లేదు. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు. పొగ పరీక్ష 24 ఏళ్ళ వరకు ఉన్న బండ్లకే. 25 ఏళ్ళు దాటింది కాబట్టి యాంటిక్ ప్లేట్లు కూడా తీసుకోవచ్చు, ఐదేళ్ళకి ఒకసారి. కానీ వాటితో ప్రదర్శనలకి, క్లబ్బు కార్యక్రమాలకి, పరేడ్లకి వెళ్ళడానికే అనుమతి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని సరదాగా తిరగాలనుకుంటే మామూలు ప్లేట్లే తీసుకోండి. టైటిల్ పని తేలేదాకా కారుని ఎక్కడికి తీసుకెళ్ళినా ఫ్లాట్‌బెడ్ మీదే. టైటిల్ అప్లికేషన్, పన్ను కట్టడం 30 రోజుల్లో జరగాలని నియమం, మీకు మూడు వారాలు అయిపోయాయి. ఆలస్యానికి కొంత జరిమానా పడవచ్చు. దానికి భయపడి తొందరపడకండి, కానీ కౌంటీ ఆఫీసుకి మళ్ళీ వెళ్ళి, పని మొదలుపెట్టానని చెప్పి, పన్ను విషయంలో ఇప్పుడు ఏం చెయ్యాలో కనుక్కోండి.

చివరి ప్రశ్న, పని మొదలుపెట్టొచ్చా అని. మీ చేతులు ఎంత దురద పెడుతున్నాయో నాకు తెలుసు. విప్పకండి. బాండెడ్ టైటిల్‌కి కారు పూర్తిగా ఉండాలి: ఫ్రేము, బాడీ, ఇంజిన్ కలిసి. ఇంజిన్ ఒక మూల, డోర్లు ఒక మూల పడి ఉన్న కారుని చూపిస్తే అది కారు కాదు, సామాను అంటారు. తనిఖీకి వచ్చే అధికారికి కూడా పని కష్టమవుతుంది. ఎలుకలు పెట్టిన గూళ్ళు తీయండి, ట్యాంకులో కుళ్ళిపోయిన పెట్రోలు ఖాళీ చేయించండి, లోపల తుడవండి, టైర్లలో గాలి కొట్టించండి, కారుని ట్రక్కు మీదకి ఎక్కించేటప్పుడు దొర్లాలి కదా. బ్రేకుల పని చేసుకున్నా పర్వాలేదు. బాడీ షాపుకి మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. డ్రైవర్ వైపు ఆప్రాన్ మీద తుప్పు ఉన్నా సరే, ఆ నంబరు ఉన్న చోట ఎవరినీ గీకనివ్వొద్దు, రంగు వెయ్యనివ్వొద్దు. పోలీసు అధికారి చూసి సంతకం పెట్టాక, దాన్ని కాపాడుకుంటూ ఏం చేసుకోవాలన్నా మీ ఇష్టం.

జార్జియాకి ఈ శనివారం పొద్దున్నే ఫోన్ చెయ్యండి. పెద్దావిడతో కూడా మాట్లాడనిస్తే, ఆ కారు ఎప్పుడు కొన్నారో, ఎవరు నడిపేవారో ముందు అడగండి. తర్వాత కాగితాల సంగతి అడగండి. ఆప్రాన్ మీద ఏం కనిపించిందో, ఆవిడ ఏమన్నారో నాకు రాయండి. ఏ ఫారం ముందు నింపాలో అది చూసి చెబుతాను.